మేజరు ఒక్కపొద్దు

మేజరు మళ్ళీ వాంతికి ఒంగింది. మెడ ముందుకు సాచి, తోక ముడిచి, ఒళ్ళంతా కుదిలించుకొని కక్కబోయింది. తెల్లటి చొంగ తీగలు తీగలుగా నాపరాళ్ళ మీద పడింది గాని, కడుపులోంచి ఒక్క మెతుకు కూడా బయటికి రాలేదు.

మాబున్నీసా దాని పక్కన మోకాళ్ళ మీద కూలబడి కడుపు తడిమింది. పక్కటెముకల వెనకంతా డప్పులా బిగిసిపోయి ఉంది. తెల్లవారకముందు రంజాన్ సహరికి తిండి పెట్టినప్పుడు ఈ వాపు లేదు. బారెడు పొద్దెక్కేసరికి ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. కాదు, అంతుపట్టింది. ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు, అంతే.

"ఏమైంది మే దానికి?" అని గడప లోపలినుంచి అడిగింది అత్త సర్దార్ బీ. ఆమె చేతిలో జపం చేసే తసబీ పూసలు ఒకటొకటే జారుతున్నాయి.

"ఉబ్బరం అత్తా. పండుకోదు, నిలబడదు. ఊరికే చుట్టూ తిరగతాండాది."

"ఒక్కపొద్దు ఉండే జీవం. ఉత్త కడుపుకు ఉబ్బరం యాడనుంచి వస్తాది?"

మేజరు తన డొక్క వైపు తల తిప్పి చూసుకుంది. నొప్పి ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు మళ్ళీ చూసుకుంది. నిలబడితే మనిషి నడుము దాకా వచ్చే కుక్క అది. గోధుమ రంగు ఒళ్ళు, మసి పూసినట్టున్న నల్లటి మూతి. దొర దాన్ని డేన్ జాతి అనేవాడట. కమలాపురంలో మాత్రం అందరికీ అది సీమకుక్కే.

ఈ ఏడాది తెల్లదొరలంతా దేశం విడిచి పోవడానికి పెట్టెలు సర్దుకుంటున్నారు. కొందరు, పరాయి చేతుల్లో పస్తులు పడతాయని తమ కుక్కల్ని కాల్చేసి మరీ పోతున్నారు. రైలు వంతెనల ఇంజినీరు దొర కూడా అలాగే ఒక సాయంత్రం తుపాకి పట్టుకొని బంగళా వెనక్కి నడిచాడు. అతని దగ్గర బట్లరుగా ఉన్న ఖాదర్ మొహిద్దీన్ అడ్డం పోయి నిలబడ్డాడు. నా తిండిలో సగం పెట్టి సాకుతాను దొరా, చంపొద్దు అన్నాడు. మాబున్నీసా మొగుడు అలాంటి మాటలు అనడంలో దిట్ట. సగం తిండి అంటే ఎంతో వండే మనిషికి కదా తెలిసేది.

అయినా ఆమె సాకింది. కొలువు పోయిన ఖాదర్, గుంతకల్లు రైలు షెడ్డులో పని దొరుకుతుందేమోనని బయల్దేరుతూ, రైలెక్కే ముందు కూడా అదే మాట చెప్పాడు. "దినానికి నాలుగు మాట్లు పెట్టు మాబూ, కొంచెం కొంచెం. తిన్నాక పరిగెత్తనియ్యొద్దు. నీళ్ళు ఒకేసారి తాగనియ్యొద్దు. ఇంత ఒళ్ళుండే కుక్కకు కడుపే గండమని దొర శానా మాట్లు చెప్పినాడు."

అతను పోయిన వారంలోనే రంజాన్ నెలవంక కనిపించింది.

ఒక్కపొద్దుల నెలలో ఆ ఇంట్లో పొయ్యి సహరికొకసారి, పొద్దు గూకే వేళకొకసారి రాజుకుంటుంది. పట్టపగలు కుక్కకు ఎముకల రసం కాచడమంటే, గుక్కెడు నీళ్ళు లేకుండా కూచున్న అత్త ముక్కు కింద కాచడమే. మాబున్నీసాకు చేతులు రాలేదు. అందుకని దాని పగటి తిండంతా సహరి వేళే జొన్న సంకటిలో కలిపి, పెద్ద బేసిను నిండా పెట్టడం మొదలుపెట్టింది. ఎద్దు పొద్దున మేసి మధ్యాహ్నం దాకా నెమరేసుకోవడం లేదా, ఇంత పొట్టకు ఏమవుతుందిలే అనుకుంది. నీళ్ళ తొట్టి మీద బండ మూసింది. మేజరు నీళ్ళు తాగిందంటే వాకిలంతా చొంగ చల్లుతుంది. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకొని నడిచే అత్త పాదాలకు అంటుతుంది. అత్త కునుకు తీసినప్పుడు మాత్రం బండ జరిపి నాలుగు గుక్కలు తాగనిచ్చేది.

సర్దార్ బీ చూసింది మాత్రం వేరు. పగలంతా తిండి జోలికి, నీళ్ళ జోలికి పోకుండా నీడన పడుకున్న కుక్కను చూసింది.

"ఏం మే, ఇది కూడా మనతోపాటు ఒక్కపొద్దు ఉండాదే" అందొకనాడు. మాబున్నీసా నవ్వి ఊరుకుంది. అవుననలేదు, కాదనలేదు.

అంతకుముందు ఆ కుక్క పేరెత్తితే సర్దార్ బీ మొహం తిప్పుకునేది. పెనిమిటి కర్నూలునుంచి తెచ్చిన రాగి ముక్కుచెంబు ఒకటుంది ఆమెకు. వజూకు తప్ప వాడదు, ఎవరినీ ముట్టనివ్వదు. మేజరు ఒకనాడు ఆ చెంబును మూతితో వాసన చూసిందని, దాన్ని మట్టితో ఏడుమాట్లు తోమి కడిగి, మూట కట్టుకొని ప్రొద్దుటూరులోని కూతురింటికి వెళ్ళిపోయింది. రంజానుకని తిరిగొచ్చేటప్పుడు కూడా షరతు పెట్టే వచ్చింది. పండగ లోపల కుక్క పోవాలి, లేకుంటే తాను పోతుంది.

ఆ మాట ఇప్పుడు ఎత్తడం లేదు. నోరులేని జీవం ఒక్కపొద్దు ఉంటోందని వీధి వీధంతా చెప్పింది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకొని వచ్చి చూసిపోయారు. కటిక లాల్ అహమ్మద్ ఎముకలు ఊరికే పంపుతున్నాడు. మొన్నొక సాయంత్రం సర్దార్ బీ, ఎవరూ చూడటం లేదనుకొని, మేజరు తల మీద చెయ్యి వేసింది కూడా. మాబున్నీసా చూసింది.

ఆ చెయ్యి అక్కడ ఉండాలంటే తను నోరు మూసుకోవాలని ఆమెకు ఆ సాయంత్రమే అర్థమైంది.

* * *

పక్కింటి షంషాద్ బీ వెళ్ళి దేవేంద్రప్పను పిలుచుకొచ్చింది. అతను ఊళ్ళో ఎద్దులకు వైద్యం చేస్తాడు. పచ్చిజొన్న మేసి ఉబ్బిన ఎద్దుకు డొక్కలో దబ్బనం పొడిచి గాలి తీయడంలో అతనికి పేరుంది. వచ్చినవాడు మేజరును చూసి, వాకిట్లోనే ఆగిపోయాడు.

"ఇది ఎద్దు కాదు కదమ్మీ. దీని పొట్ట యాడ మొదలై యాడ ముగుస్తాదో నాకేం తెలుసు?"

"దూడంత ఉండాది కదప్పా" అంది షంషాద్ బీ.

"దూడంత ఉంటే దూడయితాదా?"

అన్నాడే గాని, కండువా నడుముకు బిగించి దగ్గరికొచ్చాడు. మేజరు గుర్రుమనలేదు. గుర్రుమనే ఓపిక కూడా దానికి లేదు. దేవేంద్రప్ప డొక్క మీద వేలితో తట్టి, చెవి ఆనించి విన్నాడు. దాని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశాడు. అవి పాలిపోయి ఉన్నాయి.

"ఏం తినింది? ఎప్పుడు తినింది?"

జవాబు సర్దార్ బీ చెప్పింది. "సహరికి మాతోపాటు ఇంత తింటాది. మళ్ళా పొద్దు గూకేదాకా నీళ్ళు కూడా ముట్టదు. ఊరందరికీ తెలుసు కదప్పా."

"పెట్టినా ముట్టదా?"

"పెట్టినా ముట్టదు."

దేవేంద్రప్ప గడ్డం గోక్కున్నాడు. "ఇంత తిని, నీళ్ళు ముట్టకుండా ఉంటే ఈ ఉబ్బు రాదక్కా. ఎవురో ఏందో పెట్టినారు. విషమైతే కక్కించాల. చింతపండు రసం, ఆముదం తీసుకరాండి. గొట్టంతో గొంతులోకి పోస్తా."

విషం అనే మాట వినగానే షంషాద్ బీ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "నాకు తెలుసు. అంగడి లక్ష్మీనరసయ్య మొన్న అన్లా, ఈ కుక్కకు జడిసి నా అంగడికి మనిషి రాల్యాదని? అడుగుతా ఉండు, వీధిలో నిలబెట్టి అడుగుతా."

"ఆయప్ప అట్లాంటోడు కాదు" అంది సర్దార్ బీ. గొంతులో మాత్రం అంత బలం లేదు.

షంషాద్ బీ అప్పటికే గేటు దగ్గరికి పోతోంది. దేవేంద్రప్ప సంచిలోంచి వెదురు గొట్టం తీస్తున్నాడు. నిండిన కడుపులోకి ఇంకో చెంబెడు రసం పోస్తే ఏమవుతుందో మాబున్నీసాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పకపోతే మేజరు పోతుంది. చెబితే, బతికినా ఈ ఇంట్లో దానికి చోటు పోతుంది.

"ఉండక్కా. ఎవురూ ఏమీ పెట్టలే" అంది. "నేనే పెట్టినా."

షంషాద్ బీ గేటు దగ్గర ఆగిపోయింది.

"దినమంతటి తిండి నేను సహరికే పెడతాండా. బేసినుడు సంకటి. ఇది ఒక్కపొద్దు ఉండడం కాదప్పా, పగలు నేను పెట్టక ఇది తినలే. తొట్టి మీద బండ మూసి పెడతాండా. ఈ పొద్దు కోతులు గోడెక్కినాయని తిన్న కడుపుతో పెరడంతా పరిగెత్తింది. దప్పికకు ఆగలేక బండను మూతితో తోసేసి తొట్టి తొట్టంతా తాగింది. నేను చూసేటప్పటికి అడుగు కనపడతాండాది."

సర్దార్ బీ వేళ్ళలో తసబీ ఆగిపోయింది. మాబున్నీసా అటు చూడలేకపోయింది.

దేవేంద్రప్ప గొట్టాన్ని సంచిలో వేసి, దబ్బనం తీశాడు. "అయితే ఇది గాలి. పొడిస్తే దిగొచ్చు. బతుకుతాదని మాత్రం నేను చెప్పను. మీ ఆయన లేనప్పుడు, రేపొద్దున నన్ను అనకూడదు."

"ఆయన లేడు. నేను చెప్తాండా. పొడువప్పా."

కుంపటి నిప్పుల్లో దబ్బనం కాల్చి తెచ్చారు. దేవేంద్రప్ప తన తలగుడ్డతో మేజరు వెనక కాళ్ళు కట్టాడు. షంషాద్ బీ తనవల్ల కాదని దూరంగా నిలబడింది. మాబున్నీసా ఒక్కతే దాని తల ఒళ్ళో పెట్టుకొని, రెండు చేతులతో బిగించి పట్టుకుంది. చొంగ ఆమె చీరంతా తడిపింది. ఆ చీరతో ఇంక మధ్యాహ్నపు జొహర్ నమాజుకు నిలబడలేనని తెలుసు. మేజరు కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. తనకు తిండి పెట్టే మనిషి కనుక, ఈ నొప్పి కూడా ఆమే తీస్తుందని నమ్మినట్టు చూస్తున్నాయి.

దబ్బనం దిగింది. మేజరు ఒక్కసారి కీచుమంది, అంత పెద్ద గొంతులోంచి అంత చిన్న కూత. దేవేంద్రప్ప ఆ కంతలోకి నెమలీక బోలుకాడ దూర్చాడు. బుస్సుమంటూ గాలి వచ్చింది. పులిసిన సంకటి కంపు వాకిలంతా నిండింది. అతను అరచేతితో డొక్కను మెల్లగా అదుముతూ చాలాసేపు కూచున్నాడు. బిగువు తగ్గింది. మేజరు నిట్టూర్చి తల వాల్చింది.

కంతకు పసుపు అద్ది, గుడ్డ చుట్టాడు. "లోపల పేగు మెలిబడింటే మళ్ళా ఉబ్బుతాది. పొద్దు గూకేలోపల తెలిసిపోతాది. తిండి పెట్టొద్దు. నీళ్ళు మాత్రం చుక్క చుక్క పొయ్యి. గిన్నె పెడితే ఒకేసారి లాగేస్తాది, అప్పుడు నన్ను పిలిచినా లాభం లేదు."

అతను వెళ్ళాడు. షంషాద్ బీ కూడా వెళ్ళింది. ఆమె ఇంటికి పోలేదనీ, నేరుగా వీధిలోకే పోయిందనీ అడుగుల చప్పుడే చెప్పింది.

* * *

"లాల్ అహమ్మద్‌కు చెప్పినా" అంది సర్దార్ బీ.

గడప దాటి ఇప్పుడు పంచలోకి వచ్చి కూచుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే మాబున్నీసాకు తేలికగా ఉండేది.

"వచ్చినోళ్ళందరికీ చెప్పినా. అల్లా ఈ జీవానికిచ్చిన బుద్ధి మనుషులకియ్యలేదని చెప్పినా. ఇప్పుడు వాళ్ళంతా ఏమనుకుంటారు మే?"

"తప్పు నాది అత్తా. నీది కాదు."

"నమాజులో దాని కోసం దువా చేసినా. కుక్క కోసం. ఈ వయసులో."

మాబున్నీసా మేజరు డొక్కకు చుట్టిన గుడ్డ సరిచేసింది.

"ఎప్పుడైనా చెప్దామనుకున్నావా, లేదా?"

"అనుకున్నా."

"ఎప్పుడు?"

"నువ్వు దాని తల మీద చెయ్యేసినావే, ఆ పొద్దు. చెప్తే ఆ చెయ్యి తీసేస్తావని చెప్పలే."

సర్దార్ బీ తన చేతికేసి చూసుకొని, మోకాళ్ళ మీద బరువానించి లేచి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. ప్రొద్దుటూరు మూట మళ్ళీ కడుతోందని మాబున్నీసా అనుకుంది.

ఎండ పెరిగింది. నాపరాళ్ళు సెగలు కక్కుతుంటే, మేజరు కింద తడిపిన గోనెపట్ట పరిచింది. కొబ్బరిచిప్ప గరిటెతో నీళ్ళు దాని నోట్లో పోయబోయింది. చిప్పెడు ఒకేసారి పడిపోతాయి, లేకపోతే పక్కకు ఒలికిపోతాయి. మేజరు ఆత్రంగా లాగి, పొరబోయి దగ్గింది. దగ్గినప్పుడల్లా డొక్క గుడ్డ మీద ఎర్రటి మరక కొంచెం పెరిగింది. గుడ్డపీలిక ముంచి పిండి చూసింది. నాలుకకు అంటిందో లేదో తెలియలేదు. ఆమె గొంతు కూడా ఎండిపోయే ఉంది గాని, దాని సంగతి ఆమెకు గుర్తు లేదు.

భుజం దగ్గర ఏదో తగిలింది. తలెత్తితే రాగి ముక్కుచెంబు.

"గరిటె ఇడిసిపెట్టు" అంది సర్దార్ బీ. "దీంతో పొయ్యి. ముక్కులోంచి సన్నగా వస్తాది."

"అత్తా, ఇది నీ వజూ చెంబు."

"నాకు తెలీదా?"

"దాని నోరు తగుల్తాది."

"తగలనీ. నోటికి తగలకుండా నీళ్ళెట్ల పోస్తావు?"

మాబున్నీసా చెంబు అందుకుంది. చెంబు ముక్కు మేజరు దవడ పక్కన ఆనించి వంచితే, నీళ్ళు దారంలా జారాయి. మేజరు నాలుక మెల్లగా కదిలింది. పొరబోలేదు.

"నీతో మాత్రం నేను మాట్లాడను" అంది సర్దార్ బీ. "దానికి నీళ్ళు పొయ్యమన్న్యా, అంతే. పండగ కాంగానే నా దోవ నాది."

అన్నట్టే ఇంక మాట్లాడలేదు. అలాగని లోపలికీ పోలేదు. స్తంభానికి ఆనుకొని, కుక్క డొక్క ఎగిసి పడటం చూస్తూ కూచుంది. సాయంత్రపు అసర్ నమాజు వేళకు లేచి, అలవాటుగా చెంబు ఉండే గూటి వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది. వంటింటి లోటాతో వజూ చేసుకుంది. లోటా అలవాటు లేక నీళ్ళు మోచేతి మీదుగా జారి రవికె తడిసింది. విసుక్కోలేదు.

* * *

ఖాదర్ రావలసిన గుంతకల్లు బండి కూత పొద్దు గూకడానికి కొంచెం ముందు వినిపించింది. ఇన్నాళ్ళూ ఆ బండి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన మాబున్నీసా, ఈ పొద్దు అది ఆలస్యమైతే బాగుండుననుకుంది.

మసీదునుంచి ఒక్కపొద్దు విడిచే వేళ అజా వినిపించింది. సర్దార్ బీ ఖర్జూరం నోట్లో వేసుకొని, ఇంకొకటి కోడలి ముందు ఆకులో పెట్టింది. మాబున్నీసా ఒక చేత్తో చెంబు పట్టుకొనే ఖర్జూరం కొరికింది.

ఖాదర్ మొహిద్దీన్ రేకు పెట్టె భుజాన పెట్టుకొని గేటు తోసుకొచ్చాడు. అతని వెనక వీధిలో షంషాద్ బీ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఏం జరుగుతుందో వినిపోదామని వచ్చినవాళ్ళు. మామూలుగా అయితే అతని అడుగు చప్పుడుకే మేజరు గేటు దాకా దూకేది. ఈ పొద్దు తోక కొస మాత్రం గోనెపట్ట మీద రెండుసార్లు కదిలింది.

పెట్టె దించి, డొక్కకు చుట్టిన గుడ్డ చూశాడు. "ఏమైందమ్మా?" అన్నాడు తల్లితో.

గేటు దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. సర్దార్ బీ కొడుకును చూడలేదు, కోడలిని చూడలేదు. వీధిలోకి వినిపించేలా చెప్పింది.

"మేజరు ఈ పొద్దు ఒక్కపొద్దు ఇడిసినాడప్పా. నా చెంబుతో నేనే ఇడిపించినా. ఇంగ ఒక్కపొద్దు ఉండడు."

ఆ మాటతో లేచి, నమాజుకు జానిమాజు పరుచుకోవడానికి లోపలికి వెళ్ళింది. గేటు దగ్గరి ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకొని కదిలారు.

ఖాదర్‌కు ఏమీ అర్థం కాలేదు. మేజరు పక్కన కూచొని చెవుల వెనక నిమిరాడు. తుపాకి ముందు నిలబడి తెచ్చుకున్న కుక్క. "నేను చెప్పినట్టే నాలుగు మాట్లు పెట్టినావు కదా మాబూ?" అన్నాడు. అనుమానంతో అడగలేదు.

ఆమె అరచెయ్యి మేజరు డొక్క మీద ఉంది. మధ్యాహ్నంనుంచి మెత్తగా ఉన్న చోట, వేళ్ళ కింద ఏదో మెల్లగా బిగుస్తోంది. భ్రమేమోనని చెయ్యి జరిపి మళ్ళీ పెట్టింది. భ్రమ కాదు.

"లేదు. పెట్టలే" అంది. "తప్పు నాదే. అంతా చెప్తా. ముందు దేవేంద్రప్పను పిల్చుకోని రా. మళ్ళా ఉబ్బుతాండాది."

ఖాదర్ కదల్లేదు. ఆమె మొహంకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"పోప్పా" అంది లోపలినుంచి సర్దార్ బీ గొంతు. "మీ తగువు తర్వాత పడుదురు."

అతను లేచి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. సర్దార్ బీ బయటికొచ్చింది. నమాజుకు కట్టుకున్న తెల్ల చీరతోనే గోనెపట్ట మీద కూచొని, మేజరు తలెత్తి ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళు ఆపెయ్యమని చేత్తో సైగ చేసింది. మాబున్నీసా చెంబు పక్కన పెట్టి, రెండు చేతులూ మేజరు డొక్క మీద ఆనించింది. చేతుల కింద డొక్క ఇంకా బిగుస్తూనే ఉంది. ఇద్దరూ వీధి వైపే చూస్తూ కూచున్నారు.